మాటలు ఆగిపోయిన రెండు దేశాలు మళ్లీ ఎలా దగ్గరవుతాయి? భారత్, చైనాల అనుభవం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2020లో లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో మన జవాన్లు 20 మంది ప్రాణాలు పోయాయి. సరిహద్దు తగాదా తీరలేదు. అటువైపు నుంచి క్షమాపణ కూడా రాలేదు. అయినా ఇప్పుడు విమానాలు తిరుగుతున్నాయి, వీసాలు ఇస్తున్నారు, నాయకులు చేతులు కలుపుతున్నారు. ఇది ఎలా కుదిరింది? చెడిపోయిన దేశాలు మళ్లీ కలిసేందుకు ఏదైనా పద్ధతి ఉందా?

నేను విదేశాంగ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో చాలా భాగం చైనా ఫైళ్లతోనే గడిచింది. అందుకే ప్రపంచంలోని అన్ని తగాదాలనూ ముట్టుకోకుండా నాకు బాగా తెలిసిన ఈ ఒక్క కథనే వివరంగా చెబుతాను.

ముందుగా నా అభిప్రాయం. తగాదా తీరితేనే సంబంధాలు బాగుపడతాయని మనం అనుకుంటాం. నేను చూసినంతలో అలా జరిగింది చాలా తక్కువ. తగాదా అలాగే ఉంటుంది. దాని గురించి ఎవరు ఎవరితో మాట్లాడాలి, అది తేలేలోపు మిగతా పనులు నడవనివ్వాలా వద్దా అన్న విషయంలో ఇద్దరూ ఒక మాటకు వస్తారు. తలుపు తెరుచుకునేది అప్పుడే. ఈ ఏర్పాటు వల్ల మేలు చాలా ఉంది. దీనికి చెల్లించాల్సిన వెల కూడా ఉంది. ఆ రెండూ మన కథలో కనిపిస్తాయి.

మొదట ఒక విషయం తెలియాలి. 1962లో యుద్ధం జరిగినా భారత్, చైనాలు దౌత్య సంబంధాలు తెంచుకోలేదు. 1950 ఏప్రిల్ 1న మొదలైన సంబంధాలు కాగితం మీద ఒక్క రోజు కూడా ఆగలేదు. పడిపోయింది స్థాయి. బీజింగ్‌లో మన రాయబారి జి. పార్థసారథి 1961 జూలైలో తిరిగి వచ్చేశారు. ఆయన స్థానంలో ఎవరినీ పంపలేదు. మరుసటి ఏడాది ఢిల్లీలోని చైనా రాయబారి కూడా వెళ్లిపోయారు. అక్కడి నుంచి 1976 దాకా రెండు ఎంబసీలనూ ఛార్జ్ డి అఫైర్స్ హోదా ఉన్న అధికారులే నడిపారు. రాయబారి తన పత్రాలను దేశాధినేతకే సమర్పిస్తాడు కాబట్టి ఆయనకు పైస్థాయి తలుపులు తెరుచుకుంటాయి. ఛార్జ్ డి అఫైర్స్‌ను పంపేది విదేశాంగ మంత్రి పేరిట. మామూలుగా ఆయన మాట విదేశాంగ శాఖ గడప దగ్గరే ఆగుతుంది. 1970లో జరిగిన ఒక చిన్న సంఘటనకు ఎందుకంత విలువ వచ్చిందో తెలియాలంటే ఈ తేడా గుర్తుండాలి.

పూర్తిగా తెంచుకుంటే పరిస్థితి ఇంకోలా ఉంటుంది. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అప్పుడు కూడా ఎంబసీ భవనాన్ని, అందులోని కాగితాలను ఆతిథ్య దేశం కాపాడాలి. మన ప్రయోజనాలు చూసే పని మూడో దేశానికి అప్పగించుకోవచ్చు. 1971 యుద్ధం తర్వాత భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఆ పని స్విట్జర్లాండ్ చేసింది. ఇరాన్‌లో అమెరికా పనులు 1980 నుంచి చూస్తున్నదీ స్విట్జర్లాండే. చైనాతో మనకు ఆ అవసరం రాలేదు. కోపం ఎంత ఉన్నా కింది మెట్టును ఇద్దరూ ఉంచుకున్నారు. ఆ మెట్టు లేకపోతే తర్వాతి కథంతా ఇంకా ఆలస్యమయ్యేదని నా గట్టి నమ్మకం.

అయితే మూసేసినవి కూడా చాలానే ఉన్నాయి. షాంఘైలో, లాసాలో మన కాన్సులేట్లు మూతపడ్డాయి. బొంబాయి, కలకత్తాల్లో వాళ్లవి మూతపడ్డాయి. మన దేశంలో తరాలుగా బతుకుతున్న చైనా మూలాల కుటుంబాల నుంచి సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. వాళ్లలో పసిపిల్లలు కూడా ఉన్నారు. కొందరు అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయారు. దేశాలు ఎలా కలుస్తాయో చెప్పుకునేటప్పుడు ఈ మనుషుల మాట ఎవరూ ఎత్తరు. సంబంధాలు బాగుపడ్డాక కూడా వాళ్ల ఇళ్లు, దుకాణాలు వాళ్లకు పూర్తిగా తిరిగి రాలేదు.

యుద్ధం ముగిశాక ఏం జరగాల్సింది? సిలోన్ (ఇప్పటి శ్రీలంక) చొరవతో ఆరు దేశాలు 1962 డిసెంబర్‌లో కొలంబోలో కూర్చుని కొన్ని ప్రతిపాదనలు తయారుచేశాయి. మనం వాటిని యథాతథంగా ఒప్పుకున్నాం. చైనా కొన్ని మినహాయింపులు పెట్టింది. చైనా కూడా పూర్తిగా ఒప్పుకుంటేనే చర్చలని మనం పట్టుబట్టాం. పైగా 1962 నవంబర్ 14న పార్లమెంటు చేసిన తీర్మానం ఉంది: దురాక్రమణదారుణ్ని మన గడ్డ మీద నుంచి తరిమేదాకా విశ్రమించబోమని. ఆనాటి గాయానికి ఆ తీర్మానం సహజమైన స్పందన. కానీ చర్చలకు ముందే పెద్ద షరతు పెట్టుకుంటే ఆ షరతే కాళ్లకు సంకెల అవుతుంది. దాన్ని సడలించిన నాయకుణ్ని సొంత పార్టీవాళ్లే నిలదీస్తారు. షరతును ఎవరూ రద్దు చేయకుండా, పక్కన పెట్టినట్టు కూడా కనపడకుండా పక్కన పెట్టగలిగే పరిస్థితి రావాలి. మనకు అందుకు పదేళ్లకు పైగా పట్టింది.

ఈలోగా పరిస్థితి ఇంకా దిగజారింది. 1967 జూన్‌లో బీజింగ్‌లో మన ఎంబసీ అధికారులు ఇద్దరు, కె. రఘునాథ్, పి. విజయ్‌ల మీద గూఢచర్యం ఆరోపణ మోపి బహిష్కరించారు. అప్పటికి చైనా అధినేత మావో పిలుపుతో లేచిన సాంస్కృతిక విప్లవం ఊపు మీద ఉంది. విమానాశ్రయంలో రెడ్‌గార్డులు, అంటే మావో యువ అనుచరులు, వాళ్లను కొట్టారు. మనమూ చైనా దౌత్యవేత్తలను పంపేశాం. ఢిల్లీలో జనం చైనా ఎంబసీ మీద పడ్డారు. ఆ సెప్టెంబర్‌లోనే సిక్కింలోని నాథూ లా కనుమ దగ్గర ఫిరంగులు మోగాయి. ఇంత జరిగినా రెండు ఎంబసీలూ మూతపడలేదు.

ఇప్పుడు 1970. మే డే రాత్రి తియానన్‌మెన్ దగ్గర విదేశీ దౌత్యవేత్తలంతా వరుసలో నిలబడి ఉన్నారు. మావో ఒక్కొక్కరితో చేయి కలుపుతూ వచ్చి మన ఛార్జ్ డి అఫైర్స్ బ్రజేశ్ మిశ్రా దగ్గర ఆగారు. ఇలా ఎంతకాలం పోట్లాడుకుంటాం, భారత్ గొప్ప దేశం, మనం మళ్లీ స్నేహితులం కావాలి అన్న అర్థంలో మాట్లాడి నవ్వారు. మిశ్రా వెంటనే ఢిల్లీకి తంతి పంపారు. ఒక దేశపు అత్యున్నత నాయకుడు ఛార్జ్ స్థాయి అధికారితో, అందరూ చూస్తుండగా ఈ మాట అనడం మామూలు విషయం కాదు. ఇలాంటి సంకేతంలో ఒక సౌకర్యం ఉంటుంది. అవతలివాళ్లు అందుకుంటే అది తొలి అడుగవుతుంది. అందుకోకపోతే మర్యాదకు పలకరించామని చెప్పుకోవచ్చు. కాగితం లేదు, సంతకం లేదు, ఎవరి పరువూ పోదు.

అయితే సంకేతం రాగానే పని అయిపోదు. 1971 వచ్చింది. సోవియట్ యూనియన్‌తో మన ఒప్పందం, బంగ్లాదేశ్ యుద్ధం, చైనా పాకిస్తాన్ పక్షాన నిలవడం. మావో నవ్వు ఫైళ్లలోకి వెళ్లిపోయింది. 1975 ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు జరిగితే చైనా జట్టు వచ్చి ఆడింది. మళ్లీ ఏదో కదులుతోందని అనిపించింది. ఆ వేసవిలోనే సిక్కిం మనలో విలీనమైంది, చైనా గట్టిగా విమర్శించింది. అక్టోబర్‌లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర అస్సాం రైఫిల్స్ జవాన్లు నలుగురు చైనా కాల్పుల్లో మరణించారు.

ఆ తర్వాత ఆరు నెలలకు, 1976 ఏప్రిల్‌లో, బీజింగ్‌కు మళ్లీ రాయబారిని పంపుతున్నట్టు మన ప్రభుత్వం పార్లమెంటులో ప్రకటించింది.

ఈ వరుస చూడండి. నలుగురు జవాన్లు పోయిన ఆరు నెలలకే రాయబారి. బయటినుంచి చూసేవాళ్లకు ఇది అర్థం కాదు, కొందరికి అవమానంగానూ అనిపిస్తుంది. లోపలి లెక్క ఇది: ఇలాంటి ఘటన మళ్లీ జరిగితే ఆ రాత్రే ఫోన్ చేయదగ్గ పెద్ద మనిషి అవతలి రాజధానిలో మనకు ఉండాలి. దానికితోడు సోవియట్ యూనియన్ లాంటి ఒకే పెద్ద దేశం భుజం మీద ఆనుకోవడం మంచిది కాదన్న ఆలోచన ఇందిరా గాంధీలో బలపడింది. పాకిస్తాన్‌తో దౌత్య సంబంధాలు తిరిగి మొదలైందీ ఆ ఏడాదే.

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు పెద్దలు. రాయబారుల విషయంలో అది అక్షరాలా నిజం. ఒకరు పంపి ఇంకొకరు పంపకపోతే పంపినవాళ్లు చిన్నబోతారు. అందుకే ప్రకటనకు ముందే అవతలివాళ్లు కూడా పంపుతారన్న హామీ తీసుకుంటారు. పేరు ముందుగా చెప్పి, ఆతిథ్య దేశం సరే అన్నాకే బయటపెడతారు. 1961లో ముందు వెనక్కి పిలిపించుకుంది మనమే, కాబట్టి ముందు పంపడమూ మన వంతు అయింది. కె.ఆర్. నారాయణన్ జూలైలో బీజింగ్ చేరారు. చైనా రాయబారి చెన్ చావోయువాన్ సెప్టెంబర్‌లో ఢిల్లీ వచ్చారు. ఆ నారాయణనే 2000లో రాష్ట్రపతి హోదాలో చైనా వెళ్లారు.

తర్వాతి మెట్టు నాయకుల పర్యటనలు. 1962లో నెహ్రూ చైనా విధానాన్ని తీవ్రంగా విమర్శించిన జనసంఘ్ నాయకుడు వాజ్‌పేయి 1979 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రిగా బీజింగ్ వెళ్లారు. కఠినంగా మాట్లాడిన చరిత్ర ఉన్నవాడు వెళితే ఇంట్లో ఎవరూ దేశాన్ని అమ్మేశాడనలేరు. ఇలాంటి పనులకు అలాంటి నాయకులే తరచుగా అక్కరకు వస్తారు. పర్యటన మధ్యలోనే చైనా వియత్నాం మీద దాడి చేసింది. వాజ్‌పేయి పర్యటన కుదించుకుని తిరిగొచ్చేశారు. అంతా పాడైందనుకున్నారు. కానీ ఆయన అక్కడ ఎత్తిన ఒక మాట బతికింది: కైలాస మానససరోవర యాత్ర.

ఈ యాత్ర గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే 1981లోనూ, 2025లోనూ తొలి వరుసలో తెరిచినవాటిలో ఇది ఉంది. యాత్రకు అనుమతిస్తే ఎవరి సరిహద్దు వాదనా మారదు. ఎంతమంది వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, ఎన్ని రోజులుండాలి అన్నీ ముందే రాసుకోవచ్చు. తేడా వస్తే వచ్చే ఏడాది ఆపేయవచ్చు. మన వైపు కోట్ల మంది మనసుకు దగ్గరైన విషయం, చైనా వైపు ఖర్చు లేని ఔదార్యం. తిరిగి కలవాలనుకునే దేశాలు ఇలాంటివే వెతుకుతాయి: జనానికి కనపడాలి, ప్రధాన తగాదాను తాకకూడదు, అవసరమైతే వెనక్కి తీసుకోగలగాలి. అమెరికా, వియత్నాంల మధ్య ఆ స్థానంలో ఉన్నది యుద్ధంలో గల్లంతైన అమెరికన్ సైనికుల అవశేషాల వెతుకులాట. 1991లో హనోయిలో అందుకోసం ఒక చిన్న ఆఫీసు తెరిచారు. 1994లో వాణిజ్య ఆంక్షలు ఎత్తేశారు, 1995 జూలైలో దౌత్య సంబంధాలు ప్రకటించారు.

1981 జూన్‌లో చైనా విదేశాంగ మంత్రి హువాంగ్ హువా ఢిల్లీ వచ్చారు. ఇక్కడ ఆయనకు ఎదురుగా కూర్చున్నది మన పీవీ నరసింహారావు. పీవీని మనం ఆర్థిక సంస్కరణల కోసమే తలుచుకుంటాం. చైనా కథలో ఆయన మూడు మలుపుల దగ్గర ఉన్నారు. 1981లో విదేశాంగ మంత్రి, 1988లో మళ్లీ విదేశాంగ మంత్రి, 1993లో ప్రధానమంత్రి. ఒకే మనిషి పుష్కర కాలం పాటు ఒకే సమస్యను మూడు సార్లు చేతిలోకి తీసుకోవడం మన రాజకీయాల్లో అరుదు. దీనికి తగినంత గుర్తింపు రాలేదని నాకు బాధగా ఉంటుంది. హువాంగ్ హువా పర్యటనలో రెండు నిర్ణయాలు జరిగాయి. యాత్ర ఆ సెప్టెంబర్‌లోనే మొదలైంది. అధికారుల స్థాయి సరిహద్దు చర్చలు డిసెంబర్‌లో మొదలయ్యాయి.

ఆ చర్చలు 1987 దాకా ఎనిమిది విడతలు జరిగాయి. ఒక్క అంగుళం తేలలేదు. వృథా అని పత్రికలు రాశాయి. నేను ఆ మాట ఒప్పుకోను. ఆ ఎనిమిది విడతల్లో రెండు పక్షాలూ ఒకరి పటాలు, వాదనలు, భయాలు ఒకరు తెలుసుకున్నారు. ఎవరు ఏ మాటకు మండిపడతారో, ఏ మాటను విననట్టు ఊరుకుంటారో తెలిసింది. 1986లో తవాంగ్ ఉత్తరాన సుమ్‌దొరోంగ్ చూ లోయలో చైనా సైనికులు తిష్ఠ వేసినప్పుడు ఇది పనికొచ్చింది. మన సైన్యాధిపతి జనరల్ సుందర్జీ హెలికాప్టర్లలో బలగాలను కొండల మీదకు చేర్చారు. 1987 ఫిబ్రవరిలో అరుణాచల్ ప్రదేశ్‌కు రాష్ట్ర హోదా ఇచ్చాం, చైనా మండిపడింది. ఆ వేసవిలో యుద్ధం ఖాయమని చాలామంది అనుకున్నారు. మే నెలలో విదేశాంగ మంత్రి ఎన్.డి. తివారీ బీజింగ్ వెళ్లి మాట్లాడి వచ్చారు. రెండు వైపులా నిదానించారు.

1988 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీ చైనా వెళ్లారు. 1954లో నెహ్రూ వెళ్లాక భారత ప్రధాని అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు, మధ్యలో 34 ఏళ్లు. 84 ఏళ్ల చైనా అగ్రనేత డెంగ్ షావోపింగ్ 44 ఏళ్ల రాజీవ్ చేయి చాలాసేపు వదల్లేదు. టీవీల్లో అందరూ చూసింది ఆ కరచాలనమే. అసలు విషయం సంయుక్త ప్రకటనలోని వాక్యాల్లో ఉంది. సరిహద్దుకు ఇద్దరికీ ఆమోదమైన పరిష్కారం వెతుకుతూనే మిగతా రంగాల్లో సంబంధాలు పెంచుకోవాలని అందులో రాశారు. సరిహద్దు తేలాకే మిగతావి అన్న మన పాత పట్టు అక్కడ సడలింది. దాన్ని సడలించగల బలం అప్పుడు రాజీవ్‌కు ఉంది, లోక్‌సభలో 400కు పైగా సీట్లు. తగాదా కోసం సంయుక్త కార్యాచరణ బృందం అనే వేరే వేదిక పెట్టారు. మన విదేశాంగ కార్యదర్శి, వాళ్ల ఉప విదేశాంగ మంత్రి అందులో కూర్చుంటారు. 2005 దాకా అది 15 సార్లు సమావేశమైంది.

అక్కడి నుంచి మెట్లు త్వరగా వచ్చాయి. 1991 డిసెంబర్‌లో చైనా ప్రధాని లీ పెంగ్ ఢిల్లీ వచ్చారు. బొంబాయి, షాంఘై కాన్సులేట్లు మళ్లీ తెరుచుకున్నాయి. లిపులేఖ్ కనుమ మీదుగా సరిహద్దు వ్యాపారం మొదలైంది. లాసాలోని మన కాన్సులేట్ మాత్రం ఈ రోజుకీ తెరుచుకోలేదు. తిరిగి కలవడం అంటే పాత స్థితికి చేరడం అనుకునేవాళ్లకు నేను లాసా పేరే చెబుతాను. పోయినవాటిలో కొన్ని తిరిగి రావు. మిగిలినవాటితో కొత్త సంబంధం కడతారు.

1993 సెప్టెంబర్ 7న పీవీ బీజింగ్‌లో ఉండగా వాస్తవాధీన రేఖ (ఇప్పుడు ఎవరి అధీనంలో ఎంత నేల ఉందో విడదీసే రేఖ) వెంబడి శాంతి, ప్రశాంతతల ఒప్పందం కుదిరింది. దౌత్యం నేర్చుకునేవాళ్లు ఆ ఒప్పందాన్ని ఒక్కసారైనా పూర్తిగా చదవాలి. వాస్తవాధీన రేఖను ఇద్దరూ గౌరవించాలి, బలప్రయోగం చేయకూడదు, చేస్తామని బెదిరించకూడదు, బలగాలను కనీస స్థాయికి తగ్గించాలి అని ఉంది. ఆ వెంటనే, ఈ రేఖ ప్రస్తావన వల్ల సరిహద్దు ప్రశ్న మీద ఎవరి వైఖరికీ భంగం లేదని కూడా ఉంది. ఆ షరతు వాక్యం లేకపోతే ఈ ఒప్పందం మీద ఏ దేశమూ సంతకం పెట్టేది కాదు. అది ఉండబట్టి పీవీ పార్లమెంటుకు వచ్చి మన భూమి మీద హక్కు వదులుకోలేదని చెప్పగలిగారు, లీ పెంగ్ తన దేశంలో అదే చెప్పుకోగలిగారు. రెండు నెలల ముందే అవిశ్వాస తీర్మానం నుంచి అతి కష్టం మీద బయటపడ్డ మైనారిటీ ప్రభుత్వం ఈ పని చేసిందంటే దాని వెనక ఎంత ఓపిక ఉందో ఊహించండి.

1996లో ఇంకో ఒప్పందం వచ్చింది. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్లలోపు ఎవరూ కాల్పులు జరపకూడదు. 2003లో వాజ్‌పేయి ప్రధానిగా వెళ్లినప్పుడు చర్చలను ఇంకో మెట్టు ఎక్కించి ప్రత్యేక ప్రతినిధులను పెట్టారు. మన తొలి ప్రత్యేక ప్రతినిధి ఎవరో తెలుసా? 1970లో మావో పలకరించిన బ్రజేశ్ మిశ్రా. 2006లో నాథూ లా మీదుగా వ్యాపారం మొదలైంది.

ఇప్పుడు వెల సంగతి. 1993 ఒప్పందం రేఖను గౌరవించమంది. ఆ రేఖ నేల మీద ఎక్కడ ఉందో ఇద్దరూ కలిసి గీసుకోలేదు. 2000లో మధ్య సెక్టార్ (హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు) పటాలు ఇచ్చిపుచ్చుకున్నారు. 2002లో పశ్చిమ సెక్టార్ (లద్దాఖ్ వైపు) పటాలు బల్ల మీదకు వచ్చేసరికి తేడా ఎక్కువగా ఉండి పని ఆగిపోయింది, మళ్లీ కదల్లేదు. వ్యాపారం పెరుగుతోంది, పర్యటనలు జరుగుతున్నాయి, తొందర ఏముంది అనుకున్నారు. ఈలోగా రెండు వైపులా రోడ్లు వచ్చాయి, గస్తీ పెరిగింది. ఒకరు తమదనుకునే చోట ఇంకొకరు ఎదురుపడటం మామూలైంది. లద్దాఖ్‌లో 2013లో దెప్సాంగ్, 2014లో చుమార్, 2017లో భూటాన్ ముక్కూడలి దగ్గర డోక్లాం. ప్రతిసారీ ఎలాగోలా సర్దుకుంది. ఈ సర్దుబాట్లు చూసి ఏర్పాటు గట్టిగా ఉందనుకున్నారు. నిజానికి అవి హెచ్చరికలు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది మరణించారు. 16 బిహార్ అనే సైనిక దళానికి కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. తుపాకులు పేలకుండా కర్రలతో, రాళ్లతో అంత ఘోరం జరగడానికి కారణం ఆ కాల్పుల నిషేధమే. ఆ నిషేధాన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. అది లేకపోతే ఆ రాత్రి ఫిరంగుల దాకా వెళ్లేదని నేను అనుకుంటాను. తప్పు నిషేధంలో లేదు. రేఖ ఎక్కడుందో తేల్చకుండా ఇరవై ఏళ్లు వదిలేయడంలో ఉంది.

గల్వాన్ తర్వాత మన ప్రభుత్వం 1988 సూత్రాన్ని తిరగేసింది. సరిహద్దు మామూలుగా లేనప్పుడు సంబంధాలూ మామూలుగా ఉండవని చెప్పింది. యాప్‌లు నిషేధించారు, అంతకు రెండు నెలల ముందు పెట్టుబడులకు వేసిన అడ్డుకట్టను కొనసాగించారు, కోవిడ్‌తో ఆగిన నేరు విమానాలు మళ్లీ మొదలవలేదు. కోవిడ్ ఆంక్షలూ తోడై చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న వేలాది పిల్లలు, వాళ్లలో ఎందరో మన తెలుగు పిల్లలు, 2022 ఆగస్టులో వీసాలు మళ్లీ మొదలయ్యేదాకా ఇంట్లో ఫోన్లలోనే క్లాసులు విన్నారు. ఒకరి జర్నలిస్టులను ఒకరు దాదాపు ఖాళీ చేయించారు. 2022 అక్టోబర్‌లో వెళ్లిన చైనా రాయబారి స్థానం 2024 మే దాకా ఖాళీగా ఉంది. స్థాయి తగ్గించామని ఎవరూ ప్రకటించలేదు, కుర్చీ మాత్రం ఏడాదిన్నర ఖాళీ. వ్యాపారం అయితే ఆగలేదు. 2021లోనే రెండు దేశాల వ్యాపారం తొలిసారి 100 బిలియన్ డాలర్లు దాటింది. కాబట్టి వ్యాపారం బాగుంది గనుక సంబంధాలు బాగున్నట్టే అనే వాదన నమ్మకండి.

ఈసారి దిగిన మెట్లు తిరిగి ఎక్కడం సైనికాధికారులతో మొదలైంది. రేఖకు మన వైపు చుషుల్, అటువైపు మోల్డో గుడారాల్లో కోర్ కమాండర్లు 20 విడతలకు పైగా కూర్చున్నారు. ఒక్కో చోటు విడిగా తేలింది: 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్, ఆగస్టులో గోగ్రా, 2022 సెప్టెంబర్‌లో హాట్ స్ప్రింగ్స్. దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల కోసం ఇంకో రెండేళ్లు పట్టింది. 2024 అక్టోబర్ 21న గస్తీ మీద అవగాహన ప్రకటించారు. రెండు రోజులకే రష్యాలోని కజాన్‌లో మోదీ, షీ జిన్‌పింగ్ కలిశారు. ఆ తర్వాతి వరుస మీకు ఇప్పుడు తెలిసినట్టే అనిపిస్తుంది. డిసెంబర్‌లో ప్రత్యేక ప్రతినిధుల భేటీ, 2025 జనవరిలో విదేశాంగ కార్యదర్శి బీజింగ్ పర్యటన, వేసవిలో కైలాస యాత్ర, జూలైలో చైనా పర్యాటకులకు వీసాలు, ఆగస్టు చివర చైనాలోని తియాన్‌జిన్‌కు మోదీ, అక్టోబర్ 26న కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు విమానం. 1976 తర్వాత ఏళ్ల తరబడి పట్టినవి ఏడాదిలో జరిగాయి. కింది మెట్లు కూలిపోలేదు కాబట్టే ఆ వేగం.

క్షమాపణ గురించి అడిగారు. పొరుగు దేశాల మధ్య క్షమాపణ దాదాపు ఎప్పుడూ రాదు. దాన్ని షరతుగా పెడితే అవతలి నాయకుడికి ఒప్పుకునే దారి ఉండదు. 2016లో తెంచుకున్న సౌదీ అరేబియా, ఇరాన్ 2023 మార్చిలో బీజింగ్‌లో సంతకాలు చేసినప్పుడు కూడా ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. అంతకుముందు ఇరాక్, ఒమన్‌లలో గుట్టుగా చాలాసార్లు కూర్చున్నారు, అంతే. పోయిన ప్రాణాల విలువ ఈ ఒప్పందాల్లో ఎక్కడా రాయరు. ఆ కుటుంబాలకు అది అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. వాళ్లకు మనం ఇవ్వగలిగింది అలాంటి రాత్రి మళ్లీ రాని ఏర్పాటు. అది ఇంకా పూర్తి కాలేదు.

విమానాలు ఎగిరాయి కాబట్టి అంతా సర్దుకుందా అంటే, లేదు. గస్తీ మీద ఒప్పందం కుదిరిందే తప్ప 2020 తర్వాత లద్దాఖ్‌కు చేరిన వేలాది అదనపు బలగాలు రెండు వైపులా అక్కడే ఉన్నాయి. మధ్యలో ఖాళీగా ఉంచిన బఫర్ ప్రాంతాలు కొన్ని చోట్ల అలాగే ఉన్నాయి. 2025 ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు, సరిహద్దులో తేలికగా తేలే ముక్కలను ముందు ఖరారు చేయడానికి నిపుణుల బృందం పెట్టాలని నిర్ణయించారు. నాయకుల ఫొటోలకన్నా నేను ఆ బృందం పనినే గమనిస్తున్నాను. మొదలుపెడితే సిక్కిం దగ్గర మొదలుపెట్టే అవకాశం ఉంది, ఎందుకంటే అక్కడ 1890 నాటి ఒప్పందం ఒకటి ఇద్దరి చేతిలో ఉంది. కానీ ఆ ఒప్పందాన్ని ఎలా చదవాలన్న దాని మీదే డోక్లాం గొడవ వచ్చింది. మీరు వార్తల్లో వెతకాల్సినవి ఇవి: అదనపు దళాలు బ్యారక్‌లకు వెళ్లాయా, బఫర్ ప్రాంతాల్లో గస్తీ మొదలైందా, 2002లో ఆగిపోయిన పటాల పని మళ్లీ బల్ల మీదకు వచ్చిందా.